నివేదికకు బాధ్యులెవరు: పక్షవాతం తర్వాత గుండె లయ పరిశీలనలో నర్సు సమన్వయం

పక్షవాతం వచ్చిన మనిషికి తొలి గంటల్లో అందవలసిన చికిత్స గురించి ఇటీవలి సంవత్సరాల్లో ఆసుపత్రుల్లోనూ పత్రికల్లోనూ తగినంత చర్చ జరుగుతోంది. గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపు పడాలన్న సంగతి సాధారణ కుటుంబాలకు కూడా తెలిసివస్తోంది. ఆ తర్వాతి నెలల గురించి మాత్రం అంత స్పష్టత లేదు. మెదడుకు రక్తం ఎందుకు ఆగింది, అదే కారణం మరోసారి దెబ్బ తీయకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నకు జవాబు చాలామంది రోగుల విషయంలో వార్డులో ఉండగా దొరకదు. రోగి ఇంటికి వెళ్ళాక, వేరే విభాగంలోని యంత్రం నుంచి, వేరే డాక్టరు బల్ల మీదికి అది వస్తుంది. దాన్ని రోగి దాకా చేర్చే బాధ్యత ఎవరిదో ముందుగా నిర్ణయం కాకపోతే అది ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ బాధ్యతను నర్సు ఎలా చేపట్టవచ్చో, అందుకు ఏ అలవాట్లు, ఎంత పరిజ్ఞానం, ఏపాటి అధికారం కావాలో ఈ అధ్యాయం వివరిస్తుంది.

పక్షవాతాల్లో అధిక భాగం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చేవి. తక్కినవి నాళం చిట్లి రక్తస్రావం కావడం వల్ల వచ్చేవి. గడ్డ వల్ల వచ్చిన వాటిలో సుమారు నాలుగింట ఒక వంతుకు స్కానింగు, మెడ నాళాల పరీక్ష, ఎకో, రక్త పరీక్షలు అన్నీ పూర్తయిన తర్వాత కూడా కారణం తేలదు. వైద్యులు దీన్ని క్రిప్టోజెనిక్ స్ట్రోక్, అంటే మూలం మరుగున ఉన్న పక్షవాతం అంటారు. ఇలా మరుగున ఉండిపోయే కారణాల్లో ముఖ్యమైనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులైన కర్ణికలు ఒక క్రమంలో ముడుచుకోవడం మాని అస్తవ్యస్తంగా వణికే స్థితి ఇది. అప్పుడు ఎడమ కర్ణికకు అనుబంధంగా ఉండే చిన్న సంచిలో రక్తం కదలిక లేక, పారని కాలువ మూలలో నాచు పట్టినట్టు, గడ్డకడుతుంది; ఆ గడ్డ విడివడి మెదడుకు చేరితే అక్కడి నాళం మూసుకుపోతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజలను 1948 నుంచి తరాల తరబడి పరిశీలిస్తూ వస్తున్న అధ్యయనం, ఈ లయదోషం ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం సుమారు 5 రెట్లు ఎక్కువని తేల్చింది.

కారణం తెలియడం ఇక్కడ కేవలం వైద్య జిజ్ఞాసకు సంబంధించిన విషయం కాదు, ఎందుకంటే కారణాన్ని బట్టి మందు మారుతుంది. మూలం తెలియని పక్షవాతానికి సాధారణంగా ఆస్పిరిన్ వంటి, రక్తఫలకికలు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే మందు ఇస్తారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో ఆ మందు పక్షవాతాన్ని ఐదింట ఒక వంతు మేరకే తగ్గించగలదని, గడ్డకట్టే ప్రక్రియనే అడ్డుకునే వార్ఫరిన్ మూడింట రెండు వంతుల దాకా తగ్గించగలదని 2007లో అధ్యయనాలన్నింటినీ క్రోడీకరించిన విశ్లేషణ చూపింది. అందువల్ల లయదోషం ఉండీ అది బయటపడని రోగి ప్రతిరోజూ శ్రద్ధగా మాత్ర వేసుకుంటూ కూడా తనకు కావలసిన రక్షణ లేకుండానే బతుకుతుంటాడు. పరీక్ష జరిగి, నివేదికలో లయదోషం నమోదై, ఆ కాగితం ఎవరూ చూడని దొంతరలో ఉండిపోయిన రోగి పరిస్థితి ఇంతకన్నా బాధాకరం.

ఈ లయదోషం వచ్చి పోతూ ఉండటం వల్లనే దాన్ని పట్టుకోవడం కష్టం. మామూలు 12 లీడ్ల ఈసీజీ నమోదు చేసేది దాదాపు 10 సెకన్ల కాలాన్ని. ఆ సమయంలో గుండె సక్రమంగా కొట్టుకుంటే కాగితం మీద దోషం కనిపించదు. మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ పేరుతోనే ప్రసిద్ధమైన, ఒంటికి తగిలించుకునే హోల్టర్ పరికరం ఒకటి రెండు రోజుల లయను నమోదు చేస్తుంది. కెనడాలో 55 ఏళ్ళు దాటిన 572 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన ఎంబ్రేస్ అధ్యయనంలో, మళ్ళీ 24 గంటల హోల్టర్ పెట్టినవారిలో 3.2 శాతానికి లయదోషం బయటపడగా, 30 రోజుల పరికరం ధరించినవారిలో 16.1 శాతానికి బయటపడింది. అదే ఏడాది వెలువడిన క్రిస్టల్ ఏఎఫ్ అధ్యయనం 441 మంది రోగుల్లో కొందరికి ఛాతీ చర్మం కింద చిన్న లూప్ రికార్డర్‌ను అమర్చి, మూడేళ్ళకు వారిలో 30 శాతం మందిలో దోషాన్ని కనుగొంది; మామూలు పద్ధతిలో పరిశీలించినవారిలో అది 3 శాతమే. నర్సు గుర్తుంచుకోదగిన సంఖ్య ఆ అధ్యయనంలోనే మరొకటి ఉంది: మొదటి సంవత్సరంలో లయదోషం బయటపడినవారి విషయంలో అందుకు పట్టిన మధ్యస్థ కాలం 84 రోజులు. అంటే రోగి వార్డు విడిచి, నడక నేర్చుకుంటూ, ఆసుపత్రిని దాదాపు మరచిపోతున్న సమయానికి అసలు జవాబు వస్తుంది. పైగా బయటపడిన వాటిలో అత్యధికం ఏ లక్షణమూ లేనివి. గుండెదడ వస్తే వస్తానని చెప్పి వెళ్ళిన రోగి ఎన్నటికీ రాకపోవచ్చు.

సమన్వయం వార్డులోనే మొదలవుతుంది. పక్షవాతం రోగికి మొదటి రోజుల్లో తగిలించే మానిటర్ తెర మీద లయ నిరంతరం కదులుతూనే ఉంటుంది గాని, చూసే కన్నుంటేనే అది సమాచారమవుతుంది. రాత్రి రెండు గంటలకు నిమిషం పాటు తప్పిన లయ, అలారం ఆపేయడంతోనే ముగిసిపోతే ఉదయం రౌండ్స్‌కు వచ్చే డాక్టరుకు దాని ఆనవాలు ఉండదు. కాబట్టి అలారం మోగినప్పుడు నర్సు చేయవలసిన మొదటి పని మంచం దగ్గరికి వెళ్ళి మణికట్టు నాడిని నిమిషం పూర్తిగా పట్టి చూడటం. రోగి వణుకు, ఎక్కిళ్ళు, పక్కకు ఒత్తిగిల్లడం, ఊడిన లీడు ఇవన్నీ తెర మీద లయదోషాన్ని పోలిన గీతలు గీస్తాయి. నాడి సమంగా ఉంటే దోషం లీడులో ఉండే అవకాశం ఎక్కువ, నాడి కూడా ఏ క్రమానికీ అందకుండా ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా తగులుతుంటే అప్పుడు సందేహించాలి. నిర్ధారణకు కనీసం 30 సెకన్ల నమోదు కావాలన్నది అంగీకృత ప్రమాణం కనుక స్ట్రిప్‌ను అంతకు తగ్గకుండా తీసి, తేదీ, సమయం, మంచం నంబరు రాసి కేసు షీటుకు అంటించడం, వీలైతే ఆ క్షణంలోనే 12 లీడ్ల ఈసీజీ తీయించడం తర్వాతి పనులు. లయ తప్పినప్పుడు ఆటోమేటిక్ బీపీ యంత్రం చూపే అంకెలు నమ్మదగినవి కావు. రెండు మూడు సార్లు కొలిచి చూడాలి.

ఆ తర్వాత డాక్టరుకు చెప్పే మాట ఎలా ఉండాలన్నది వ్యక్తిత్వానికి సంబంధించిన విషయం కూడా. మన వార్డుల్లో చాలామంది యువ నర్సులు, ముఖ్యంగా రాత్రి వేళ, నిద్రలేపినందుకు విసుక్కుంటారన్న భయంతో విషయాన్ని మెత్తగా, అసంపూర్ణంగా చెబుతారు. విన్న వైద్యుడికి అది అత్యవసరమా కాదా అన్నది తెలియదు. ‘12వ బెడ్ పేషెంటు కొంచెం తేడాగా ఉన్నారు సార్’ అన్న మాటకు, ‘12వ బెడ్, మూడు రోజుల క్రితం స్ట్రోక్‌తో చేరిన పేషెంటు సార్, ఇప్పుడు 2.10కి రిథమ్ ఇర్రెగ్యులర్ అయింది, పల్స్ కూడా అలాగే ఉంది, రేటు 130, బీపీ 140/90, స్ట్రిప్ తీసి ఉంచాం, ఈసీజీ తీయమంటారా’ అన్న మాటకు మధ్య ఉన్న దూరమే సమన్వయం. పరిస్థితి, పూర్వాపరం, అంచనా, కావలసిన చర్య అనే ఈ నాలుగంచెల పద్ధతి అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చింది. రోగాన్ని నిర్ధారించడం, మందు మార్చడం వైద్యుడి పని. చూసినదాన్ని చూసినట్టు, సమయంతో సహా, తగిన మనిషికి చెప్పడం నర్సు హక్కు, విధి కూడా. ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగా ఉన్నప్పుడు నర్సు గొంతులో వణుకు దానంతటదే తగ్గుతుంది.

ఇంటికి పంపేటప్పుడు హోల్టర్ గాని, అంతకన్నా ఎక్కువ రోజులు ఉంచే ప్యాచ్ గాని పెడితే, దాని నాణ్యత చిన్న చిన్న విషయాల మీద ఆధారపడుతుంది. చర్మాన్ని శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, వెంట్రుకలు ఉంటే తీసి ఎలక్ట్రోడు అంటించాలి. మన ప్రాంతపు ఎండాకాలంలో చెమటకు అవి ఊడిపోవడం మామూలే కాబట్టి అదనపు ఎలక్ట్రోడ్లు ఇచ్చి, ఏది ఎక్కడ పెట్టాలో ఛాతీ బొమ్మ గీసి ఇవ్వడం మంచిది. కొన్ని పరికరాల్లో గుండెదడ అనిపించినప్పుడు నొక్కమని ఒక బటన్ ఉంటుంది. కుడిచేయి పడిపోయిన మనిషి దాన్ని ఎలా నొక్కుతాడు, మాట పోయిన మనిషి దడ వచ్చిందని ఎలా చెబుతాడు అన్న ప్రశ్న పరికరం తయారీదారుకు తట్టకపోయినా నర్సుకు తట్టాలి. పనిచేసే చేతి వైపు బటన్ ఉండేలా చూడటం, డైరీ రాసే పని ఇంట్లో ఎవరిదో పేరు అడిగి ఖరారు చేయడం, రాయడం రాని ఇంటిలో సమయం మాత్రం ఫోనులో నమోదు చేసుకోమనడం వంటివి ఐదు నిమిషాల్లో అయ్యే పనులు. ఇవి జరగకపోతే పరీక్ష మొత్తం వృథా కావచ్చు.

సమన్వయానికి గుండెకాయ వంటిది ఒక రిజిస్టరు. అది కంప్యూటరులో ఉన్నా, గీతల నోటుపుస్తకంలో ఉన్నా తేడా లేదు. అందులో రోగి పేరు, పెట్టిన పరికరం, పెట్టిన తేదీ, తీయవలసిన తేదీ ఉంటే చాలదు. నివేదిక ఎప్పుడు వచ్చింది, ఏ డాక్టరు చూశారు, ఏం నిర్ణయించారు, ఆ నిర్ణయం రోగికి చేరిందా, మందు నిజంగా మొదలైందా అన్న గడులు కూడా ఉండాలి, చివరి గడి నిండేదాకా ఆ వరుసను కొట్టివేయకూడదు. రిపోర్టు వచ్చిందనగానే పని అయిపోయినట్టు భావించే అలవాటు చాలా విభాగాల్లో ఉంది. న్యూరాలజీ వారు కార్డియాలజీ వారు చూసుకుంటారనుకుంటారు, కార్డియాలజీ వారు పంపినవారికే పంపామనుకుంటారు, నష్టపోయేది ఈ రెండు గదుల మధ్య ఉన్న రోగి. రిజిస్టరులో ఫోను నంబరు విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఆసుపత్రి కాగితాల మీద సాధారణంగా నగరంలో ఉద్యోగం చేసే కొడుకు నంబరు ఉంటుంది. మందు వేసేది, అన్నం పెట్టేది, రాత్రి పక్కన పడుకునేది భార్యో కోడలో కూతురో. ఆ మనిషి నంబరు కూడా తీసుకోవాలి. రోగుల వివరాలున్న పుస్తకం గనుక అది కౌంటరు మీద తెరిచి ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు.

నర్సు చేతిలో ఇంతటి పని పెట్టడానికి ఆధారాలు ఉన్నాయా అన్న ప్రశ్న న్యాయమైనదే. శాండీ మిడిల్టన్ నాయకత్వంలో ఆస్ట్రేలియాలోని 19 పక్షవాత విభాగాల్లో జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో జ్వరం, చక్కెర, మింగుడు అనే మూడింటినీ నర్సులు నిర్ణీత పద్ధతిలో చూసుకున్నచోట, 90 రోజులకు మరణించినవారు లేదా పరాధీనులైనవారు 42 శాతం కాగా, అలా చూడనిచోట 58 శాతం. గుండె లయ విషయంలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 712 మందితో జరిగిన అధ్యయనం 2012లో ఇలాంటి ఫలితాన్నే చూపింది: నర్సులు నడిపిన క్లినిక్‌లో హృద్రోగ మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి 14.3 శాతం, మామూలు పద్ధతిలో 20.8 శాతం. అయితే అదే దేశంలో అనేక ఆసుపత్రులకు విస్తరించి 2020లో వెలువడిన రేస్ 4 అధ్యయనంలో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ పనిలో అనుభవమున్న కేంద్రాల్లోనే మేలు స్పష్టమైంది. బోర్డు మార్చినంత మాత్రాన క్లినిక్ పనిచేయదని, శిక్షణ, సమయం, వైద్యుల తోడ్పాటు కూడితేనే నర్సు సమన్వయం ఫలిస్తుందని ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చదివితే అర్థమవుతుంది.

మన దేశపు అనుభవం ఇంకా ఆలోచింపజేస్తుంది. పునరావాస వ్యాయామాలను కుటుంబ సభ్యులకే నేర్పి ఇంటికి పంపిన అటెండ్ అధ్యయనం 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగి 2017లో ఎలాంటి అదనపు మేలూ లేదని తేల్చింది. తెలుగు సహా పలు భారతీయ భాషల్లో సందేశాలు, వీడియోలు, పుస్తకం ఇచ్చిన స్ప్రింట్ ఇండియా అధ్యయనం 31 కేంద్రాల్లో 4,298 మందితో జరిగి 2023లో, మందులు వేసుకోవడం మెరుగుపడినా ఏడాదిలో మళ్ళీ పక్షవాతం, గుండెపోటు రావడం తగ్గలేదని చెప్పింది. వీటిని చూసి అనుసరణ చికిత్స వ్యర్థమనుకోవడం తొందరపాటు. ఇంటివారికి భారం అప్పగించడం, ఫోనుకు సందేశం పంపడం రెండూ ఒకవైపు నడిచే పనులు. రోగి అడిగిన ప్రశ్నకు జవాబిచ్చి, ఆ జవాబును బట్టి చికిత్సను మార్పించగల మనిషి మరోవైపు ఉన్నప్పుడు ఫలితం వేరుగా ఉండవచ్చునన్నది ఈ అధ్యాయం మొగ్గు.

లయదోషం బయటపడి, వైద్యుడు గడ్డకట్టకుండా చూసే మందు రాశాక నర్సు చెప్పవలసిన మాటలు మందును బట్టి మారతాయి. మన ఆసుపత్రుల్లో వార్ఫరిన్‌తోపాటు దాని కోవకే చెందిన ఎసినోకౌమరాల్ విరివిగా వాడతారు. వీటి మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్త పరీక్షతో చూసి, సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండేలా సర్దుతారు. ఎపిక్సబాన్, రివరాక్సబాన్, డబిగాట్రాన్ వంటి కొత్త మందులకు ఆ పరీక్ష అక్కరలేదు, మెదడులో రక్తస్రావం వార్ఫరిన్ కన్నా దాదాపు సగమే. కాని వాటికి ముందు, ఆ తర్వాతా మూత్రపిండాల పనితీరు చూడాలి. ఒక మినహాయింపు మన ప్రాంతానికి చాలా ముఖ్యం. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా ఇరుకైన వారు, కృత్రిమ లోహ కవాటం ఉన్నవారు పాత మందులోనే ఉండాలి. రుమాటిక్ రోగుల్లో రివరాక్సబాన్ కన్నా పాత కోవ మందే మేలని 2022లో ఇన్విక్టస్ అధ్యయనం చూపింది. ఐఎన్ఆర్ కోసం కూలి పోగొట్టుకుని పట్నం రాలేక బంధువు చెప్పిన కొత్త మాత్రకు మారిపోయిన కవాట రోగి ఫోనులో దొరికితే, వెంటనే వైద్యుడి దృష్టికి తేవలసిన విషయం అదే.

ఇంటి అలవాట్ల గురించి మాట్లాడేటప్పుడు నిషేధాల జాబితా చదవడం పనికిరాదు. పాత కోవ మందు వాడేవారు గోంగూర, తోటకూర, పాలకూర మానేయనక్కరలేదు. వారం వారం దాదాపు ఒకే మోతాదులో తింటే మందు మోతాదును దానికి తగ్గట్టు సర్దవచ్చు. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోనే వేసుకోవాలి. మింగలేక ముక్కు గొట్టం ఉన్న రోగికి ఎపిక్సబాన్, రివరాక్సబాన్ మాత్రలు నూరి ఇవ్వవచ్చు, డబిగాట్రాన్ గుళికను మాత్రం విప్పకూడదు. ఒళ్ళునొప్పులకు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం తెలుగు పల్లెల్లో సర్వసాధారణం. ఈ మందులు వాడేవారికి కండలో సూది రక్తం గూడుకట్టేలా చేయగలదు, నొప్పి మాత్ర కడుపులో రక్తస్రావానికి దారితీయగలదు. పక్షవాతానికి పసరు మందు మొదలుపెట్టి అసలు మాత్ర ఆపేసేవారినీ కసురుకోకుండా, అడిగి తెలుసుకోవాలి. కసిరితే వచ్చేసారి చెప్పరు. మలం నల్లగా రావడం, చిగుళ్ళ నుంచి ఆగకుండా రక్తం, పడి తలకు దెబ్బ తగలడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దని, మూతి వంకర, చేయి జారడం, మాట తడబాటు మళ్ళీ కనిపిస్తే 108కి ఫోన్ చేసి, వేసుకుంటున్న మందు పట్టీని, చివరిసారి వేసిన సమయాన్ని ఆసుపత్రికి తీసుకురావాలని చెప్పాలి. గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వవచ్చా లేదా అన్న నిర్ణయం ఆ ఒక్క సమయం మీద ఆధారపడవచ్చు.

ఫోను మాట్లాడే విధానం కూడా నేర్చుకోవలసిన విద్యే. ‘మందులు వేసుకుంటున్నారా అమ్మా’ అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ‘ఆ, వేసుకుంటున్నాం’ అనే. ‘పట్టీ ఒకసారి తెచ్చి చూడండి, ఎన్ని మిగిలాయి’ అని అడిగితే నిజం దానంతటదే వస్తుంది. ఇంటికి వెళ్ళిన మొదటి వారంలో ఒకసారి, నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చేసే ఇలాంటి సంభాషణలో బీపీ అంకె కూడా అడగాలి, ఎందుకంటే లయ ఎలా ఉన్నా రక్తపోటు 130/80 లోపు ఉంచడం మళ్ళీ పక్షవాతం రాకుండా చూసే ప్రధాన ఉపాయాల్లో ఒకటి. లయదోషం ఏదీ కనబడలేదని నివేదిక వస్తే ‘గుండె బాగానే ఉంది’ అని చెప్పకూడదు. ‘పరీక్ష చేసిన రోజుల్లో కనబడలేదు’ అన్నదే సరైన మాట. కొన్ని క్షణాల పాటే కనిపించిన లయదోషానికి మందు మార్చాలా వద్దా అన్నది రోగిని బట్టి వైద్యుడు తేల్చవలసిన విషయం గనుక, ఫోనులో తొందరపడి భరోసా గాని భయం గాని ఇవ్వరాదు.

గ్రామ ఆరోగ్య ఉపకేంద్రాల్లో పనిచేసే బీఎస్సీ నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలను ఈ గొలుసులో చేర్చుకోవడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సాధ్యమైన పని. డిశ్చార్జ్ కాగితం మీద నర్సు తెలుగులో రెండు వాక్యాలు రాసి పంపితే వారు నాడి చూడగలరు, బీపీ కొలవగలరు, అనుమానం వస్తే ఈసీజీకి పంపగలరు. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపిన స్మార్ట్ వాచీ చూపే హెచ్చరికనూ కొట్టిపారేయకూడదు, నిర్ధారణగా తీసుకోకూడదు. అది ఈసీజీ తీయించడానికి తగిన కారణం, అంతవరకే.

ఇదంతా ఒక షిఫ్టులో పాతిక మందిని చూసుకునే నర్సు మీద అదనంగా వేస్తే అన్యాయమవుతుంది, పని కూడా జరగదు. వారంలో కొన్ని గంటలు ఇందుకోసమే కేటాయించమని, ఆసుపత్రి పేరున ఒక ఫోను ఇమ్మని, రెండు విభాగాల వైద్యుల్లో నివేదికలు చూసే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తేల్చమని నర్సింగ్ సూపరింటెండెంటు ద్వారా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆ ఫోను నంబరు వ్యక్తిది కాక పదవిది కావాలి. సమన్వయ నర్సు సెలవు మీద వెళ్ళినప్పుడు గాని, బదిలీ అయినప్పుడు గాని, రిజిస్టరులో ఇంకా మూయని వరుసలన్నింటినీ వచ్చే నర్సుతో కూర్చుని ఒక్కొక్కటిగా చదివి అప్పగించాలి; లూప్ రికార్డర్ ఉన్న రోగుల పేర్లు వాటిలో విడిగా గుర్తు పెట్టి ఉండాలి, ఎందుకంటే వారి జవాబు రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టవచ్చు.